రెండు దూలాల మధ్య

వరద నీళ్ళు మా మేడమెట్లలో సగం దాకా ఎక్కి దిగిపోయిన ఏడాదికి మరుసటి ఏడాది జరిగిన సంగతి ఇది. ఆ నీటి మరక ఇంకా గోడ మీదే ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతూనే ఉంటుంది.

ముందు మా సంగతి చెప్పాలి. మా ఆవిడ మేడ మీద గదిలో పిల్లలకి డాన్సు నేర్పుతుంది. అందరూ టీచరమ్మ అంటారు. నేను వడ్రంగిని. ఆ గదికి చెక్కనేల వేసింది నేనే. ఈ మధ్యే ఆవిడ దాని మీది తివాచీ తీయించేసి, చెప్పుల్లేకుండా నిలబడి నేర్పుతోంది. ఆవిడకి తోడుగా ఆవిడ చెల్లెలు, అంటే మా మరదలు, చిన్న పిల్లల జట్టును చూసుకుంటుంది. పిల్లల తల్లిదండ్రులు చూడవచ్చిన రోజున మా ఆవిడ తాళం తప్పింది. పాట అందుకోకముందే అడుగు వేసింది. అంతకుముందు కూడా ఒకసారి అలాగే అయింది. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక మరదలు చెప్పులు తొడుక్కుంటూ అంది.

"అక్కా, శనివారం అందరూ మళ్ళీ వస్తున్నారు. ఆ రోజు కూడా ఇలాగే అయితే నువ్వు కుర్చీలో కూర్చో. నేను నిలబడతాను."

 మర్నాడు మా ఆవిడ నన్ను స్పీకర్ల షాపుకి లాక్కుపోయి వూఫర్ కావాలంది.

వూఫర్ అంటే నల్లటి చెక్క పెట్టె. పాటలో లావు శబ్దం, డప్పు దెబ్బలాంటిది, ఉంటుందే, దాన్ని మాత్రమే పలికిస్తుంది. దాని కరెంటు దానికి వేరే. మా ఆవిడ చప్పుడంటే గిట్టని మనిషి. పక్కింట్లో మిక్సీ వేస్తే గదిలోకి పోయి తలుపు వేసుకునేది. అలాంటిది ఇప్పుడు అడిగి మరీ చప్పుడు కొనుక్కుంటోంది. షాపులో అమ్మేవాడు ఏవేవో చెబుతుంటే విననే లేదు. పాట పెట్టించి, ఒక్కో పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"పుచ్చకాయ కాదమ్మా, తడిమి కొనడానికి," అన్నాడు వాడు నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. చెయ్యి తియ్యకుండా "ఇది," అంది.

పెట్టె ఇంటికొచ్చింది. తగిలించడం నాకు రాదు. కింద షాపులో వాచీలు బాగుచేసే ఆయన ఉన్నాడు. మా ఆవిడని చెల్లెమ్మా అంటాడు, నన్ను మేస్త్రీ అంటాడు. ఆయన వాగుతూనే ఉంటాడు. నేను నోరు విప్పను. మా ఇద్దరి మాటలూ కలిపి పంచితే ఇద్దరు మనుషులకి సరిపోతాయని మా ఆవిడ అంటుంటుంది. నేను పిలవకుండానే చిన్న స్క్రూడ్రైవర్ల సంచీ పట్టుకుని పైకొచ్చాడు.

"ముందు స్విచ్చులన్నీ ఆపెయ్ మేస్త్రీ. కరెంటు ఉండగా తీగలు ముట్టుకుంటే పాత ఆంప్లిఫయర్ పుటుక్కుమంటుంది."

ఆపాను. ఆ ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు వరద రోజున కింది గదిలోంచి మా ఆవిడ రొమ్ములోతు నీళ్ళలో నెత్తిన పెట్టుకుని మోసి కాపాడినవి. ఆ తడుపుకి ఆవిడ చాలా రోజులు జ్వరపడి లేచింది.

ఆయన బోర్లా పడుకుని వెనకవైపు చూశాడు.

"దీనికి వూఫర్ కోసం వేరే కన్నం లేదు. కొత్తవాటికి ఉంటుంది, ఒక్క వైరు గుచ్చితే పనైపోతుంది. ఇది మన వయసుది. పోనీలే, దారి ఉంది. ఆంప్లిఫయర్ నుంచి తీగలు ముందు వూఫర్‌కి రావాలి. వూఫర్ నుంచి మళ్ళీ బయల్దేరి స్పీకర్లకి పోవాలి. ఎరుపు ఎరుపులోకి, నలుపు నలుపులోకి. మారిపోయిందనుకో, ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది. ఉన్న శబ్దం కూడా పోతుంది."

"మా ఇంట్లోలాగా," అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు. ఆవిడ ఆయన నోటి వంకే చూస్తోంది. నేను ఆంప్లిఫయర్ పక్కన వంగి ఉన్నాను.

స్పీకర్లకి పోయే రెండు జతల తీగల్నీ కలిపి ఆయన ఒకే టేపు చుట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. వూఫర్ వెనక స్ప్రింగు క్లిప్పులు నొక్కి, తీగ కొసలు దోపి వదిలాడు.

"ఈ క్లిప్పుల పట్టు అంతంతమాత్రం. కాలికి తగలనివ్వకండి. ఇదిగో తిప్పే ఈ మర శబ్దం ఎక్కువ తక్కువలకి. ఈ మరేమో, వూఫర్ ఎక్కడిదాకా పలికి ఆగాలి, ఎక్కడ్నుంచి స్పీకర్లు అందుకోవాలి అన్నదానికి. ఈ చిన్న స్విచ్చి అటొకసారి ఇటొకసారి వేసి వినాలి. ఏ పక్కన నిండుగా ఉంటే ఆ పక్కన వదిలెయ్యడమే."

పెట్టె ఎక్కడ పెట్టాలన్న దగ్గర తగువొచ్చింది. మూలన పెడితే గోడల వల్ల ఇంకా నిండుగా పలుకుతుందని ఆయన అంటాడు. మా ఆవిడ కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగింది. కిటికీ పక్కన పెట్టించింది, తీయించింది. తలుపు దగ్గర పెట్టించింది, తీయించింది. పాట నడుస్తుంటే ఒక్కోచోట ఒంటికాలి మీద నిలబడి చూసింది. చివరికి గదికి నడిమధ్య, అద్దాల గోడకి కొంచెం ఇవతల, మడమతో నేల మీద కొట్టి చూపించింది.

"ఇక్కడ."

"పిల్లల కాళ్ళకి అడ్డం కాదూ?" అన్నాడాయన.

"వాళ్ళు తప్పుకుంటారు లెండి అన్నయ్యా."

పెట్టాం. పాట వేశాడు. నేల పలకలు ఝుమ్మన్నాయి. కిటికీ అద్దం సన్నగా మోగింది. నా పళ్ళ కుదుళ్ళలో ఎక్కడో కదిలినట్టయింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి అడుగు వేసింది. దెబ్బ పడ్డచోటే అడుగు పడింది. వరద తరువాత ఆవిడ మొహం అలా ఉండడం నేను చూడలేదు.

"అదీ చెల్లెమ్మా!" అని చప్పట్లు కొట్టి ఆయన కిందికి పోయాడు.

పోయినవాడు పోయినంత వేగంగానే మళ్ళీ పైకొచ్చాడు. కంటికి బిగించుకున్న అద్దం కూడా తియ్యలేదు. చేతిలో చిన్న పళ్ళెం.

"మేస్త్రీ! నా స్క్రూలు నడుస్తున్నాయి!"

పళ్ళెంలోకి చూశాను. చీమ తలకాయలంత స్క్రూలు. అన్నీ ఒక పక్కకి చేరి గుంపు కట్టాయి.

"వరసగా పేర్చి పెట్టుకున్నానయ్యా! ఏది ఏ వాచీదో ఇప్పుడు వాటి బాబుకి కూడా తెలీదు. నా బల్ల సరిగ్గా మీ పెట్టె కిందే!"

"తగిలించింది నువ్వే," అన్నాను.

"ఎవడు కాదన్నాడు? నా చెప్పుతో నన్నే కొట్టు." ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. గొంతు తగ్గించాడు. "మేస్త్రీ, చెల్లెమ్మ పాట ఆపమనడానికి నాకు నోరు రాదు. కానీ రోజూ ఇలాగే అయితే నేను వాచీలు ముట్టుకోలేను. ఏదో ఒకటి చెయ్యి."

నా చేతికి పని దొరికితే నాకు నెమ్మదిగా ఉంటుంది. శనివారం గురించి బెంగతో ఆ రోజుల్లో ఊరికే కూర్చోలేక పనికిరాని చెక్కకి చిత్రిక పట్టి పొట్టు చేస్తున్నాను. అరిగిన టైరు ఒకటి అటక మీద ఉంది. దాన్ని కోసి మందంగా నాలుగు ముక్కలు చేశాను. అంచులు అరగదీశాను. మా ఆవిడ బజారుకి పోయి ఉండగా పెట్టె నాలుగు మూలలా కిందికి దోపాను. పాట వేశాను. శబ్దం వస్తోంది, పలకలు మాత్రం నిద్రపోయినట్టున్నాయి. కింద నుంచి కేక వినిపించింది.

"బ్రహ్మాండం మేస్త్రీ! ఒక్కటి కదిలితే ఒట్టు!"

మంచి పని చేశాననుకున్నాను. ఆవిడకి చెప్పలేదు. చెప్పడానికి ఏముందిలే అనుకున్నాను.

సాయంత్రం పిల్లలు వచ్చారు. నేను తలుపు దగ్గర గడప సరిచేస్తున్నట్టు కూర్చున్నాను. పాట మొదలైంది. ఆవిడ కళ్ళు మూసుకుని నిలబడింది. దెబ్బ పడింది. ఆవిడ కదల్లేదు. ఇంకో దెబ్బ పడింది. అప్పుడు ఉలిక్కిపడ్డట్టు కళ్ళు తెరిచి అడుగు వేసింది. తప్పింది. మళ్ళీ మొదటినుంచి వేయించింది. మళ్ళీ తప్పింది. పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

మరదలు పక్కనుంచి వచ్చి ముందు నిలబడింది. చప్పట్లు చరుస్తూ లెక్క చెప్పింది. పిల్లలందరూ అటు తిరిగారు. మా ఆవిడ వెనక వరసలో నిలబడి ఆ అడుగులే వేసింది. కొత్తగా చేరిన పిల్లలాగా.

అందరూ వెళ్ళిపోయాక మరదలు వెళ్ళబోతూ అక్క భుజం మీద చెయ్యి వేసింది. "శనివారం సంగతి ఆలోచించుకో అక్కా," అంది మెత్తగా.

మెట్ల మీద మరదలి అడుగులు ఆగాక మా ఆవిడ పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. తల నేలకి ఆనించి కిందికి చూసింది.

"ఇవెవరు పెట్టారు?"

"నేనే."

"తీసెయ్యండి."

"కింద ఆయన స్క్రూలు..."

"తీసెయ్యమన్నానా!"

ఇంతకాలం కాపురంలో ఆవిడ అలా అరవలేదు. వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసి ఉంటారు. లేచి కిటికీ దగ్గరికి పోయి, వీధిలోకి చూస్తూ నిలబడింది. చీర కొంగు వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

నాకేం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు నేను చెక్క వైపు చూస్తాను. నేల చూశాను. గది అంతటా మెరుగు సమానంగా ఉంది. ఒక్కచోట మాత్రం పోయింది. రెండు పాదాలంత మేర పలక తెల్లబడింది. ఆవిడ నిలబడే చోటు అది. అంతకుముందు ఆవిడ కిటికీ పక్కన నిలబడేది. ఈ మధ్యే ఇక్కడికి జరిగింది. పెట్టె పెట్టించింది కూడా అక్కడికి దగ్గర్లోనే.

ఆ నేల నేను వేసింది. ఏ పలక కింద దూలం ఉందో, ఏ పలక కింద ఖాళీ ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. దూలం మీది పలక రాయిలా ఉంటుంది. రెండు దూలాల మధ్య పలక కొంచెం ఊగుతుంది. ఆవిడ నిలబడే చోటు సరిగ్గా రెండు దూలాల మధ్యన ఉంది. గది మొత్తం మీద ఎక్కువ ఊగే పలక అదొక్కటే.

నేను వేసినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఆవిడకెలా తెలిసింది?

తివాచీ ఎందుకు తీయించిందో, చెప్పుల్లేకుండా ఎందుకు నిలబడుతోందో, షాపులో పెట్టె మీద చెయ్యెందుకు ఆనించిందో ఒకదాని వెనక ఒకటి వచ్చి నా మీద పడ్డాయి.

"ఇదిగో," అని పిలిచాను.

ఆవిడ వీధిలోకే చూస్తోంది.

"నిన్నే," అన్నాను గట్టిగా.

కొంగు వేలికి చుట్టుకుంటోంది.

నేను ఇంక పిలవలేదు. ఆ తెల్లబడ్డ పలక మీదికి పోయి మడమతో ఒక దెబ్బ కొట్టాను. ఆవిడ చటుక్కున వెనక్కి తిరిగింది. నా మొహం చూసింది, నా కాలు చూసింది. నాకు తెలిసిపోయిందని ఆవిడకి తెలిసిపోయింది.



"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఆ జ్వరం తగ్గినప్పట్నుంచి." కుర్చీలో కూర్చోబోయి కూర్చోలేదు. "మొదట్లో ఒక చెవే. తరువాత రెండోది. పూర్తిగా పోలేదు. నీళ్ళలో మునిగి ఉండగా గట్టు మీద ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది."

"నాకు చెప్పొచ్చుగా."

ఆవిడ నవ్వింది. కళ్ళలో నీళ్ళున్నాయి, అయినా నవ్వింది.

"మీరు నోరు తెరిస్తే కదండీ, నాకు వినపడట్లేదని మీకు తెలిసేది! ఇంకెవరి ఇంట్లోనైనా ఒక్క పూటలో బయటపడిపోయేది. మీతో కాపురం కాబట్టి ఇన్నాళ్ళు దాగింది."

 నేను ఆ తెల్లబడ్డ పలక మీద నుంచి పక్కకి జరిగాను.

"క్లాసు ఎలా నడుపుతున్నావు మరి?"

"అద్దంలో పిల్లల కాళ్ళు చూసి. ఒకసారి మొదలైతే ఫరవాలేదు, వాళ్ళ కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొచ్చేస్తాను. మొదటి అడుగే నన్ను చంపుతోంది. మొదటి అడుగు టీచరు వెయ్యాలి. అప్పటికి ఏ కాలూ కదలదు కదా, ఎవర్ని చూడను?" పెట్టె వైపు చూపించింది. "అది వచ్చాక కాలికి తెలిసింది. నేల చెప్పింది. మీరేమో దాని నోరు కట్టేశారు."

"మీ చెల్లెలికి చెబితే?"

"వద్దు!" మళ్ళీ అరిచింది. అరిచినట్టు తనకి తెలియలేదు. "అది మంచిదండీ. అదే భయం. కోప్పడితే కాచుకుంటాను. జాలిపడితే నేనేం చేసేది? కుర్చీ వేసి కూర్చోబెడుతుంది. మంచినీళ్ళు తెచ్చిస్తుంది. పిల్లలందరితో 'టీచరమ్మకి దండం పెట్టండి' అంటుంది. నేనింకా కుర్చీలో కూర్చోనండీ. నా కాళ్ళకేమైంది?"

నేను పెట్టె ఎత్తి రబ్బరు ముక్కలు తీసేశాను. తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. రబ్బరు తీస్తే కింద ఆయన పని ఆగుతుంది. రబ్బరు పెడితే పైన ఈవిడ అడుగు తప్పుతుంది. ముక్కలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ గది చుట్టూ తిరిగాను. ఆవిడా తిరుగుతోంది. ఒకరికొకరం అడ్డం వచ్చాం.

"కూర్చోండి ఒకచోట," అంది.

"నువ్వు కూర్చో," అన్నాను.

ఇద్దరం కూర్చోలేదు.

తెల్లవారింది. మొహం కడుక్కుని అటక ఎక్కాను. వరదకి కింది గదిలోంచి లేచిపోయిన పాత పలకలు అక్కడున్నాయి. ఎండబెట్టి, బరువులు పెట్టి వంపు తీసి దాచినవి. వాటిని దించి రంపం పట్టాను. చుట్టూ చట్రం కట్టి, రెండే రెండు దూలాలు అడ్డం వేసి, మీద పలకలు బిగించాను. మనిషి నిలబడి నాలుగడుగులు వేసుకునేంత పీట. మధ్య పలకలు ఊగాలని కావాలనే పలచగా చిత్రిక పట్టాను. పీట కింద రబ్బరు పెట్టాను. పీట పైన, వెనక అంచున, పెట్టెని రబ్బరు లేకుండా చెక్కకి చెక్క ఆనేలా పట్టీలతో బిగించాను.

మా ఆవిడ ఊరికే చూస్తోంది.  

తీగలు తగిలించి పాట వేశాను. మెట్ల మీదికి పోయి కిందికి కేకేశాను.

"స్క్రూలు?"

"ఏం స్క్రూలు?" అన్నాడాయన. "పాట పెట్టారా ఏంటి?"

లోపలికొచ్చాను. ఆవిడ పీట ఎక్కి ఉంది. పాట మళ్ళీ మొదటినుంచి వేశాను. కళ్ళు మూసుకుంది. దెబ్బ పడింది, అడుగు పడింది. ఆపి, ఇంకోసారి వేశాను. మళ్ళీ సరిగ్గా పడింది. ఆవిడ కళ్ళు తెరవలేదు, ఆగలేదు. ఆడుతూనే ఉంది. పొట్టు ఆవిడ పాదాల కింద ఎగురుతోంది. శనివారం గురించి అప్పుడు నాకు మొదటిసారి భయం పోయింది.

"ఏంటి బావా, అక్కకి సింహాసనం చేశావా?"

మరదలు. ఎప్పుడొచ్చిందో చూసుకోలేదు. నవ్వుతూ పీట చుట్టూ తిరిగి చూస్తోంది. అక్క ఆడడం చూసి మొహం విప్పారింది. "బాగా పడుతోందే!" అంటూ ఇంకా దగ్గరికి రాబోయి వెనకవైపు నడిచింది.

వాచీలాయన ముచ్చటగా చుట్టిన తీగల కట్ట అక్కడే ఉంది. కాలికి తగిలింది. మరదలు తూలి నిలదొక్కుకుంది. వూఫర్ వెనక క్లిప్పులు టపటపా వదిలేశాయి. రెండు స్పీకర్లూ ఒక్కసారిగా మూగబోయాయి.

పాట పోయింది. వూఫర్ ఒక్కటే ధన్ ధన్ మని కొట్టుకుంటోంది.

మా ఆవిడ కళ్ళు మూసుకుని ఆడుతోంది. పెదవుల మీద నవ్వు. చెయ్యి పాటలో పల్లవి ఉండాల్సిన చోట పైకి లేచింది.

"అయ్యో, తీగ ఊడింది. అక్కా, ఆగు," అంది మరదలు.

ఆవిడ ఆగలేదు.

"అక్కా?"

అడుగు తప్పలేదు.

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కని చూసింది, మూగ స్పీకర్లని చూసింది, నన్ను చూసింది. వేళ్ళ సందులోంచి గుసగుసగా అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి బావా?"

 పీట వెనక వంగాను. తీగ కొసలు వెతికి పట్టుకుని, ఎరుపు ఎరుపులో, నలుపు నలుపులో దోపాను. పాట తిరిగొచ్చింది. తలెత్తి చూసేసరికి మరదలు చెప్పులు విడిచేసి, అక్క ఆడుతున్న పీట మీద కాలు పెట్టబోతోంది.